నూరు రూపాయల జరిమానా

(శాఖా కార్యదర్శుల శిక్షణ తరగతిలో చేసిన ప్రసంగ పాఠం)



నిన్నటి నుండి ఈ తరగతిలో వేతన సవరణను గూర్చి, ఖాళీల భర్తీని గూర్చి, పెన్షనును గూర్చి పెద్దలు మాట్లాడారు. నాకు అప్పగించిన విషయం వాటి పక్కన చాలా చిన్నదిగా కనబడుతుంది. ప్లాట్‌ఫారంపై గొడవ పడటం, మద్యం సేవించి వీధిలో కేకలు వేయటం, ఇరుగుపొరుగుతో తోపులాట, ధర్నాలో దారికి అడ్డంగా కూర్చోవటం - పోలీసువారి వాడుకలో పెట్టీ కేసులు అనబడే ఇవి స్థానిక మెజిస్ట్రేటు కోర్టులలో ఏ విధంగా ముగుస్తాయి, ముగిసిన తరువాత మన ఉద్యోగి గతి ఏమవుతుంది అన్నదే ఆ విషయం. చార్జిషీటో, తొలగింపు నోటీసో చేతబట్టుకొని మన యూనియను ఆఫీసు మెట్లెక్కే సభ్యులలో కొందరి కష్టానికి మూలం ఆఫీసులో ఉండదు. ఎప్పుడో కోర్టులో ఐదు నిమిషాలలో ముగిసిపోయిందని వారనుకొన్న కేసులో ఉంటుంది.

ఆ ఐదు నిమిషాలు ఎలా ఉంటాయో ముందుగా మనవి చేస్తాను. రైల్వే కేసులు చూచే మెజిస్ట్రేటు కోర్టుకు ఒక ఉదయం వెళ్ళి వసారాలో నిలబడండి. టిక్కెట్టు లేకుండా ప్రయాణించినవాడు, పట్టాలు దాటినవాడు, మహిళల పెట్టెలో ఎక్కినవాడు, ప్లాట్‌ఫారంపై పోట్లాడినవాడు - అందరూ ఒకే వరుసలో ఉంటారు. పేరు పిలుస్తారు. బోను దగ్గరకు వెళ్ళగానే నేరం ఇది, ఒప్పుకుంటున్నావా అని అడుగుతారు. ఒప్పుకుంటే జరిమానా కట్టి రసీదు తీసుకొని మధ్యాహ్నపు డ్యూటీకి పోవచ్చు. కాదంటే వాయిదా, ఆ తరువాత మరొక వాయిదా. వాయిదాకొక సెలవు ఖర్చు. ఆ వరుసలోని కూలీకి గాని, చిరువ్యాపారికి గాని నూరు రూపాయలు కట్టి బయటపడటమే తెలివైన పని కావచ్చు. నేను వారిని తప్పు పట్టను. కాని ఆ వరుసలో ప్రభుత్వోద్యోగి ఉన్నాడంటే లెక్క మారిపోతుంది. కోర్టు దృష్టిలో ఆ కేసు నూరు రూపాయలతో ముగుస్తుంది. ఆఫీసు దృష్టిలో ఆనాడే మొదలవుతుంది.

ఈ మాట నేను పుస్తకంలో చదివి చెప్పటం లేదు. 2009లో మా డివిజనులో ఒక ట్రాక్‌మన్ ఉండేవాడు. బంధువుల పెళ్ళి నుండి తిరిగివస్తూ, డ్యూటీలో లేని సమయంలో, స్టేషనులో సామాను పెట్టిన చోటు విషయమై కానిస్టేబులుతో మాటా మాటా పెరిగింది. రైల్వే చట్టం 145వ సెక్షను కింద కేసు పెట్టారు. తాగి ఉండుట, అల్లరి చేయుట, అసభ్యంగా మాట్లాడుట, ఇతరుల సౌకర్యానికి భంగం కలిగించుట - ఇవన్నీ ఆ ఒక్క సెక్షనులోనే ఉన్నాయి. 1989లో ఆ చట్టం చేసినప్పుడు ఈ నేరానికి ఆరు మాసాల వరకు జైలు, 500 రూపాయల వరకు జరిమానా విధించవచ్చునన్నారు. ప్రత్యేక కారణాలు లేనిచో మొదటిసారికి 100 రూపాయలకు తగ్గరాదన్నారు. ఆయనను వైద్య పరీక్షకు పంపలేదు. కోర్టులో ఆయన చెప్పిన మాట, "అరిచిన మాట నిజమేనయ్యా, తాగలేదు" అని. అచ్చువేసిన ఫారంలో నమోదైన మాట, నేరం ఒప్పుకున్నాడు అని. నూరు రూపాయలు కట్టాడు. ఆ నూరు రూపాయలు నా జేబులోనివి. "వాయిదాలెందుకు, కట్టేసి డ్యూటీకి పో" అని ఆయనకు సలహా చెప్పినవాడిని కూడా నేనే.

పదకొండు మాసాల తరువాత ఆయనకు ఆఫీసు నుండి మెమో వచ్చింది. క్రిమినల్ కోర్టు శిక్ష విధించింది గనుక డిసిప్లిన్ అండ్ అప్పీల్ రూల్సులోని 14(i) కింద ఉద్యోగం నుండి తొలగింపదలచాము, సంజాయిషీ ఇచ్చుకోవలసినది అని. శిక్షపడిన విషయం ఆఫీసుకు తెలియజేయలేదన్నది రెండవ ఆరోపణ. "వందతో పోయింది గదా అన్నారు సార్" అని ఆయన ఆ కాగితం నా బల్లమీద పెట్టాడు. నాకు జవాబు లేకపోయింది.

అప్పీలుకు వెళదామంటే ముప్పది రోజుల గడువు ఏనాడో దాటిపోయింది. గడువు మాఫీ చేయమని అడిగినా ప్రయోజనం అంతంతమాత్రమే. నేరం ఒప్పుకొన్నవాడికి శిక్ష పరిమాణం మీద, దాని చట్టబద్ధత మీద తప్ప అప్పీలు లేదని చట్టం చెబుతుంది. కొన్ని మాసాలు తిరిగిన మీదట తొలగింపు ప్రతిపాదన విరమించి వేతనాన్ని రెండు దశలు తగ్గించారు. తగ్గింపు కాలం ముగిసిన తరువాత కూడా ఆ నష్టం కొనసాగేటట్లు ఉత్తర్వు ఇచ్చారు. ఆయన రిటైరయ్యారు. ఆ రెండు దశల లోటు ఆయన పెన్షనులో ప్రతి నెలా కనబడుతూనే ఉన్నది.

ఇప్పుడు చట్టం సంగతి చూద్దాం. 2024 జూలై 1 నుండి పాత క్రిమినల్ ప్రొసీజరు కోడు స్థానే భారతీయ నాగరిక్ సురక్షా సంహిత, పాత పీనల్ కోడు స్థానే భారతీయ న్యాయ సంహిత అమలులోకి వచ్చినవి. నంబర్లు మారినవి, పద్ధతి పెద్దగా మారలేదు. చిన్న కేసులో మెజిస్ట్రేటు ముందుగా ఆరోపణ సారాంశం ముద్దాయికి చెప్పి, నేరం ఒప్పుకొంటాడా, వాదన ఏమైనా ఉన్నదా అని అడగాలి. ఇది పాత 251, నేటి 274వ సెక్షను. ఒప్పుకొంటే, ఆ ఒప్పుదలను సాధ్యమైనంతవరకు ముద్దాయి పలికిన మాటలలోనే వ్రాసుకోవాలి. ఆ తరువాత తన విచక్షణ మేరకు శిక్ష విధించవచ్చు. ఇది పాత 252, నేటి 275. ఈ రెండు మాటలు మీరు గట్టిగా గుర్తు పెట్టుకోవాలి: ముద్దాయి మాటలలోనే అన్నది ఒకటి, విచక్షణ అన్నది రెండవది. "అరిచాను, తాగలేదు" అన్నవాడు తాగిన నేరం ఒప్పుకొన్నవాడు కాడు. ఆ మాట కాగితం మీదకు ఎక్కించే మనిషి ఆనాడు మా ట్రాక్‌మన్ పక్కన లేడు. నేను కోర్టు బయట టీ తాగుతున్నాను.

కేవలం జరిమానాతో పోయే నేరాలకు మరొక సౌకర్యం ఉన్నది. కోర్టుకు రానవసరం లేకుండా ఒప్పుదల పత్రాన్ని, సమన్లలో పేర్కొన్న జరిమానాను పోస్టులో పంపవచ్చు. కొత్త సంహితలో ఈ జరిమానా పరిమితిని 5,000 రూపాయలకు పెంచారు. మన పోస్టుమన్ సోదరుడు ఊరందరికీ పంచే కవర్లలో ఇటువంటివి కూడా ఉంటాయి. అదే కవరు మన సభ్యుడి చిరునామాకు వచ్చినప్పుడు, మనియార్డరు ఫారం నింపేముందు యూనియను ఆఫీసుకు రమ్మని చెప్పండి. పోస్టులో పంపిన ఒప్పుదల కూడా ఒప్పుదలే.

ఉద్యోగం మీద దీని ప్రభావం ఎక్కడి నుండి వస్తుంది? రాజ్యాంగం 311వ అధికరణం ప్రకారం విచారణ లేకుండా ఉద్యోగిని తీసివేయరాదు. కాని దానికి మినహాయింపులున్నవి. మొదటిది, క్రిమినల్ ఆరోపణపై శిక్షకు దారితీసిన ప్రవర్తన. ఈ మినహాయింపే రైల్వేలో 14(i)గాను, తపాలా శాఖలో సి.సి.ఎస్. సి.సి.ఎ. రూల్సులోని 19(i)గాను ఉన్నది. అంటే చార్జిషీటుపై సాక్షులు, ఎంక్వైరీ ఆఫీసరు, డిఫెన్సు హెల్పరు - మనం ఇన్నేళ్ళు పోరాడి నిలబెట్టుకొన్న ఈ రక్షణలన్నీ ఒక్క ఒప్పుదలతో పక్కకు పోతాయి. కోర్టు ఒకసారి తేల్చింది గనుక మళ్ళీ విచారణ ఎందుకని వారి వాదం. విచారణ జరిగి తేలిన కేసులో ఆ వాదానికి అర్థమున్నది. ఎవరూ ఏమీ తేల్చకుండా, సెలవు దొరకక ఒప్పుకొన్న కేసులో కూడా అదే వాదం వినిపించటం అన్యాయమని నా అభిప్రాయం.

ఈ అన్యాయం సుప్రీంకోర్టు వరకు వెళ్ళినది మన రైల్వే సోదరుడి కేసులోనే. దక్షిణ రైల్వేలో ఇరింపనంలో పనిచేసే ఒక పాయింట్స్‌మన్‌ను 1972 ఆగస్టులో ఒలవక్కోడు స్టేషను ప్లాట్‌ఫారం మీద తాగి అల్లరి చేశాడని అరెస్టు చేశారు. ఒలవక్కోడు అంటే నేటి పాలక్కాడు జంక్షను. కేసు కేరళ పోలీసు చట్టం కింద. మెజిస్ట్రేటు నేరం రుజువైనదన్నారు గాని శిక్ష విధించక, ప్రొబేషన్ ఆఫ్ అఫెండర్స్ చట్టం కింద విడిచిపెట్టారు. కోర్టు విడిచినా ఆఫీసు విడవలేదు. 1973 జనవరిలో ఉద్యోగం నుండి తొలగించారు. కేరళ హైకోర్టు ఆ తొలగింపును కొట్టివేసింది. రైల్వేవారు సుప్రీంకోర్టుకు వెళ్ళారు. 1975 సెప్టెంబరు 15న వచ్చిన తీర్పులో రెండు విషయాలున్నాయి. ప్రొబేషన్‌పై విడిచినంత మాత్రాన నేరస్థాపన తుడిచిపెట్టుకుపోదు, శాఖాపరమైన చర్యకు అడ్డం కాదు అన్నది మొదటిది. అది మనకు చేదు. అయితే 14వ రూలు పరిస్థితులను పరిశీలించి అంటున్నది గనుక, ఉద్యోగి మాట వినకుండా యాంత్రికంగా తొలగించటానికి వీలులేదు అన్నది రెండవది. రైల్వేవారి అప్పీలు వీగిపోయింది.

పదేళ్ళు ఆ తీర్పు మనకు ఆసరాగా నిలిచింది. 1985 జూలై 11న తులసీరామ్ పటేల్ కేసులో ఐదుగురు న్యాయమూర్తుల రాజ్యాంగ ధర్మాసనం ఆ రెండవ అంశాన్ని తోసిపుచ్చింది. శిక్షకు ముందు ఉద్యోగి మాట వినటం రాజ్యాంగరీత్యా తప్పనిసరి కాదన్నది. అయితే కథ అంతటితో ముగియలేదు. ఉభయ శాఖల రూల్సులోనూ, 14(i), 19(i) కింద ఉత్తర్వు ఇచ్చేముందు ప్రతిపాదిత శిక్షపై విన్నపం చేసుకొనే అవకాశం ఉద్యోగికి ఇవ్వవచ్చునని తరువాత ఒక నిబంధన చేర్చారు. ఆ మెమో వచ్చినప్పుడు "క్షమించి వదిలివేయ ప్రార్థన" అని రెండు పంక్తులు వ్రాసి ఇచ్చేవారిని నేను ఎందరినో చూశాను. ఆ విన్నపమే మనకు మిగిలిన ఎంక్వైరీ. దానిలో సంఘటన వివరాలు, డ్యూటీలో లేని సంగతి, సర్వీసు రికార్డు, కోర్టు విధించిన శిక్ష ఎంత స్వల్పమో, ఒప్పుదల ఏ పరిస్థితిలో జరిగిందో - అన్నీ ఉండాలి.

అందులో ఉదహరించవలసిన తీర్పులు రెండున్నాయి. తులసీరామ్ పటేల్ తీర్పు వచ్చిన సంవత్సరమే, అంతకు నాలుగు మాసాల ముందు, మార్చి 12న సుప్రీంకోర్టు ఢిల్లీ పాల సరఫరా సంస్థకు చెందిన ఒక క్యాష్ క్లర్కు కేసు తేల్చింది. 500 రూపాయల సొమ్ము విషయమై శిక్షపడి, ఇంట్లో వరుసగా వచ్చిపడిన మరణము, ప్రమాదము, జబ్బు దృష్ట్యా ప్రొబేషన్‌పై విడుదలైన మనిషి ఆయన. శాఖ డిస్మిస్ చేసింది. చీఫ్ జస్టిస్ చంద్రచూడ్ గారు, శిక్షించే అధికారంతో పాటు న్యాయంగా వర్తించే బాధ్యత కూడా ఉంటుందని, నిలపరాని చోట స్కూటరు నిలిపినందుకు శిక్షపడిన ఉద్యోగిని కూడా డిస్మిస్ చేస్తారా అని చెప్పి, ఆయనను తిరిగి ఉద్యోగంలోకి తీసుకొనమన్నారు. రెండవది 1996 మే నాటిది. హర్యానాలో ఒక నాలుగవ తరగతి ఉద్యోగికి 1980లో 294వ సెక్షను, అనగా బహిరంగ స్థలంలో అసభ్య ప్రవర్తన కింద 20 రూపాయల జరిమానా పడింది. అక్షరాలా ఇరవై. దానితో ఉద్యోగం పోయింది. పదహారు సంవత్సరాల తరువాత సుప్రీంకోర్టు, ఆ సెక్షను కింద శిక్షపడినంత మాత్రాన నైతిక పతనం అనరాదన్నది. అంతటితో ఆగక, 2,000 రూపాయల వరకు జరిమానా పడిన చిన్న కేసులు ఉద్యోగ ప్రవేశానికి గాని, కొనసాగింపుకు గాని అడ్డు కాకుండా చట్టం చేయవలసినదని పార్లమెంటుకు సూచించింది. 2023లో మూడు కొత్త సంహితలు తెచ్చిన పార్లమెంటు ఈ సూచనను వాటిలో చేర్చలేదు. మన ఫెడరేషను తీర్మానాలలో దీనికి చోటు ఉండాలని నేను అనేకసార్లు కోరాను, మళ్ళీ కోరుతున్నాను.

గ్రామీణ డాక్ సేవకుల మాట ఇక్కడ చెప్పాలి. వారికి సి.సి.ఎస్. రూల్సు వర్తించవు, వేరే నియమావళి ఉన్నది. కాని వారు కూడా సివిల్ పోస్టులో ఉన్నవారేనని, 311వ అధికరణం రక్షణ వారికీ ఉన్నదని 1977లోనే సుప్రీంకోర్టు చెప్పింది. నువ్వు పార్ట్‌టైము మనిషివి, నీకు రూల్సేమిటి అని ఎవరైనా అంటే నమ్మవద్దని వారికి చెప్పండి.

నలభై ఎనిమిది గంటల సంగతి మరువవద్దు. ఏ కారణం చేతనైనా 48 గంటలకు మించి నిర్బంధంలో ఉంటే, ఆ రోజు నుండి సస్పెన్షనులో ఉన్నట్లే. 48 గంటలకు మించిన జైలు శిక్ష పడినా అంతే. మనం మాట్లాడుకొంటున్న నేరాలలో చాలావరకు బెయిలు ఇవ్వదగినవి. పూచీకత్తుపై విడుదల కావటం హక్కు. బహిరంగ స్థలంలో తాగిన మైకంలో అనుచితంగా ప్రవర్తిస్తే కొత్త న్యాయ సంహిత 355వ సెక్షను ప్రకారం హెచ్చు శిక్ష 24 గంటల జైలు లేదా 1,000 రూపాయల జరిమానా లేదా రెండూ. లేదా సమాజ సేవ. నలుగురిలో కొట్లాడి శాంతికి భంగం కలిగిస్తే 194వ సెక్షను. ఒక నెల జైలు లేదా 1,000 రూపాయలు లేదా రెండూ. ఇటువంటి నేరానికి రెండు రాత్రులు లాకప్పులో ఉన్నాడంటే, పూచీ ఇచ్చేవాడు రాలేదనే అర్థం. ఆ పూచీ ఇచ్చేవాడు శాఖా కార్యదర్శి కావాలి. ఇక తాగి బండి నడిపిన కేసులు వేరు. అక్కడ మోటారు వాహనాల చట్టం కింద జైలు శిక్షలు పడుతున్నాయి. మూడు రోజులంటే 72 గంటలు. చిన్న శిక్షే గదా అని సెలవు చీటీ పెట్టి జైలుకు వెళ్ళి వచ్చినవారు ఉన్నారు. తరువాత సస్పెన్షనుతో పాటు అబద్ధపు సెలవు అన్న ఆరోపణ కూడా వారి మీద వచ్చి పడింది.

అరెస్టయినా, శిక్షపడినా పై అధికారికి వెంటనే వ్రాతపూర్వకంగా తెలియజేయటం ఉద్యోగి విధి. సిగ్గుపడి దాచటం వలన చిన్న కేసు పెద్దదవుతుంది. కార్యదర్శి దగ్గర కూర్చుని ఆ రోజే మూడు పంక్తుల ఉత్తరం వ్రాయించండి, నకలు మీద అందినట్లు సంతకం తీసుకోండి.

తాగుడును నేను సమర్థిస్తున్నానని ఎవరూ అనుకోవద్దు. ఉభయ శాఖల ప్రవర్తనా నియమావళిలోనూ 22వ రూలు దానిని నిషేధిస్తున్నది. రైలు నడిపేవాడు, పాయింట్లు వేసేవాడు డ్యూటీలో తాగితే వందల ప్రాణాలతో చెలగాటమాడినట్లే. రైల్వే చట్టం 172వ సెక్షను అందుకే ఉన్నది. అటువంటివాడి కొరకు యూనియను జెండా పట్టుకొని కోర్టుకు వెళ్ళమని నేను చెప్పను. అయితే డ్యూటీ నేరమూ, ప్లాట్‌ఫారం మీద మాట తూలటమూ ఒకే కొలతతో కొలవరాదు.

కేసు ఇతర విధాలుగా ఎలా ముగుస్తుందో చూద్దాం. రాజీ అన్నది ఒకటి. ఇక్కడ ఒక తపాలా సోదరి సంగతి చెబుతాను. 2017లో ఒక సబ్ పోస్టాఫీసులో పెన్షను చెల్లింపుల రోజున కౌంటరు దగ్గర రద్దీ. వరుస తప్పి వచ్చిన ఒక పెద్దమనిషికీ ఆమెకూ వాగ్వాదమయింది. తనను దూషించి నెట్టివేసిందని ఆయన, తన చేయి పట్టి లాగాడని ఆమె, ఇద్దరూ స్టేషనుకు వెళ్ళారు. ఆమె మీద స్వల్ప గాయము, అవమానపరచుట అన్న సెక్షన్లు పెట్టారు. కొన్నాళ్ళకు ఇద్దరూ చల్లబడి, లోక్ అదాలత్‌లో ముగించుకొందామనుకొన్నారు. అదాలత్ నాడు ఆమె చేతికి వచ్చిన కాగితం మీద సంతకం చేయబోతుంటే మన వకీలు గారు ఆపి చదివారు. అది రాజీ పత్రం కాదు, నేరం ఒప్పుదల పత్రం. ఆనాటి పెట్టీ కేసుల జాబితాలో ఆమె కేసు కూడా కలిసిపోయింది.

సోదరులారా, ఈ భేదం మీకు స్పష్టం కావాలి. లోక్ అదాలత్‌లో పరిష్కారం అన్న ఒకే మాట కింద రెండు భిన్నమైన ముగింపులున్నాయి. రాజీకి వీలైన నేరాలలో ఫిర్యాదుదారు రాజీపడితే, చట్టం ప్రకారం అది నిర్దోషిగా విడుదలైనట్లే. పాత కోడులో 320, నేటి సంహితలో 359వ సెక్షను. జరిమానా కట్టి ముగిస్తే అది నేరస్థాపన. రెండింటికీ ఆనాడు ఇంటికి వెళ్ళే సమయం ఒకటే. ఆఫీసులో ఫలితం వేరు. ఆమె రాజీ పత్రం మీద సంతకం చేసింది. ఆఫీసు ఫైలు ఒక హెచ్చరికతో ముగిసింది. దూషణ, స్వల్ప గాయం, అడ్డగించుట వంటివి రాజీకి వీలైనవి. అల్లరి, బహిరంగ కొట్లాట, రైల్వే చట్టపు 145 అటువంటివి కావు. అక్కడ ఎదుటి వ్యక్తి మనసు మార్చుకొన్నా చాలదు.

మరి అక్కడ ఏమి చేయాలి? ఒప్పుకోను అని చెప్పి విచారణ కోరాలి. భయపడవలసినంత పెద్ద విచారణ కాదు. తాగి ఉన్నాడనటానికి వైద్యుడి పత్రం ఉన్నదా, పోలీసు కాక బయటి సాక్షి ఉన్నాడా అన్న ప్రశ్నల దగ్గరే అనేక కేసులు నిలబడవు. కాలపరిమితి కూడా చూడాలి. జరిమానా మాత్రమే శిక్షగా గల నేరాన్ని ఆరు మాసాల లోపల, ఏడాది వరకు జైలు గల నేరాన్ని ఏడాది లోపల కోర్టు స్వీకరించాలి. వకీలు ఫీజుకు వెరువనక్కరలేదు. 1987 నాటి న్యాయ సేవాధికార సంస్థల చట్టం 12వ సెక్షను ప్రకారం స్త్రీలకు, షెడ్యూల్డు కులాల, తెగల వారికి, పారిశ్రామిక కార్మికులకు, నిర్బంధంలో ఉన్నవారికి ఆదాయంతో నిమిత్తం లేకుండా ఉచిత న్యాయ సహాయం ఉన్నది. మన వర్క్‌షాపు కార్మికుడు ఆ దరఖాస్తు పెట్టుకోవటం నేను అరుదుగా చూశాను. ఒకవేళ తప్పు నిజంగా జరిగి ఉంటే, ఊరికే జరిమానా కట్టక, ప్రొబేషన్ చట్టం కింద మందలింపుతో విడువమని కోరాలి. అది నేరస్థాపనను తుడిచివేయదన్న మాట నిజమే. కాని విన్నపం వ్రాసేనాడు, కోర్టే శిక్ష అనవసరమన్నదని చెప్పుకోవటానికి ఉంటుంది.

ధర్నా కేసుల గూర్చి కొంత. 1974 మే సమ్మెలో వేలాది మంది రైల్వే కార్మికులు జైళ్ళకు వెళ్ళారు. ఆ తరం పెద్దల దగ్గర పని నేర్చుకొన్నవాళ్ళం మనం. ఈనాడు మన మీద పెట్టేవి ఎక్కువగా నిషేధాజ్ఞల ఉల్లంఘన, చట్టవిరుద్ధ సమావేశం కేసులు. నిషేధాజ్ఞ ఉల్లంఘన - పాత 188, నేటి న్యాయ సంహిత 223 - కేసును, ఆ ఆజ్ఞ ఇచ్చిన అధికారి గాని, ఆయన పై అధికారి గాని వ్రాతపూర్వకంగా కోర్టుకు ఫిర్యాదు చేస్తే తప్ప స్వీకరించరాదు. స్టేషను పోలీసుల చార్జిషీటు చాలదు. నాయకుడు గదా అని దర్జాగా ఒప్పుకొని జరిమానా కట్టి దండ వేయించుకొన్న మిత్రులున్నారు. దండ వాడిపోతుంది, రికార్డు ఉంటుంది. అలాగని రైల్వే ఆవరణలో ఎక్కడ బడితే అక్కడ మీటింగు పెట్టవచ్చుననుకోవద్దు. యజమాని స్థలంలో సభ జరుపుకొనే హక్కు లేదని 1969లోనే సుప్రీంకోర్టు మన రైల్వే యూనియను కేసులోనే తేల్చింది.

ప్రభుత్వం కేసులు ఎత్తివేస్తుందన్న మాట ఉద్యమం ముగిసినప్పుడల్లా వింటాము. ఎత్తివేయటమంటే పబ్లిక్ ప్రాసిక్యూటరు కోర్టు సమ్మతితో ఉపసంహరించటం. రాష్ట్ర ప్రభుత్వపు జి.ఓ. రాష్ట్ర పోలీసు కేసులకే పనిచేస్తుంది. రైల్వే చట్టం కేంద్ర విషయం గనుక కేంద్ర ప్రభుత్వ అనుమతి కావాలి. 2011 నాటి రైల్‌రోకో కేసులు తెలంగాణ రాష్ట్రం వచ్చిన తరువాత కూడా ఏళ్ళ తరబడి కోర్టులలో నడిచినవి ఇందుచేతనే. ఒడంబడిక వ్రాసుకొనే రోజున మన నాయకత్వం ఈ మాటను మరచిపోరాదు.

చివరగా మన పిల్లల సంగతి. కారుణ్య నియామకానికో, పరీక్ష వ్రాసో ఉద్యోగానికి వచ్చే యువకుడు నింపే అటెస్టేషన్ ఫారంలో ఎప్పుడైనా అరెస్టయ్యావా, కేసు ఉన్నదా, శిక్షపడిందా అని అడుగుతారు. పండుగనాటి గొడవలో వంద రూపాయలు కట్టిన కుర్రవాడు అదీ ఒక కేసా అని లేదు అని వ్రాస్తాడు. కేసు వలన పోని ఉద్యోగం ఆ లేదు అన్న మాట వలన పోతుంది. 2016 జూలైలో సుప్రీంకోర్టు ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం, చిన్నతనంలో నినాదాలు చేయటం వంటి స్వల్ప కేసును వెల్లడించకపోయినా యజమాని క్షమించవచ్చునన్నది. క్షమించవచ్చును అన్నారు గాని, క్షమించి తీరాలి అనలేదు. ఉన్నది ఉన్నట్లు వ్రాయమని చెప్పండి.

మీరు పంపిన కాగితాలలో నాలుగు కేసులు వచ్చే లోక్ అదాలత్‌కు ఉన్నాయి: ఇద్దరు ట్రాక్ మెయింటెయినర్లు, ఒక పోస్టుమన్, ఒక డాక్ సేవకుడు. వారిలో ఇద్దరివి రాజీకి వీలుకాని సెక్షన్లు. వారి శాఖా కార్యదర్శులు ఎఫ్.ఐ.ఆర్. నకళ్ళు, సమన్లు తీసుకొని భోజనానంతరం ఈ గదిలోనే ఉండండి. వకీలు గారు మూడు గంటలకు వస్తున్నారు.